తోలు వాషరు వంశము

నంద్యాల నుండి గిద్దలూరు పోవు త్రోవలో గాజులపల్లె దాటిన పిమ్మట నేల చదునుగా నుండదు. నల్లమల మొదలగును. ఈ కొండల నడుమ నంది కనుమ యను దారి అనేక తరములుగా నున్నది. తూర్పున కంభము సీమకును, పడమట కుందూ నది పారు నల్లరేగడి నేలలకును నడుమ బండ్లు నడచిన దారి యిది. కనుమ ఎక్కునపుడు కష్టము ఎద్దులది. దిగునపుడు భయము బండివానిది. బండిలోని బరువు కాడిని ముందునకు త్రోయును. ఆ త్రోపునకు ఎద్దులు నిలువలేవు. కనుక చక్రమును త్రాటితో బిగించి కట్టుటయో, కొయ్యను చక్రమునకు ఒరయునట్లు నొక్కిపట్టుటయో చేయుచుండిరి. కొయ్య వేడెక్కి పొగలు వచ్చినచో ఆగి చల్లార్చుకొని మరల కదలుట. బ్రేకు అను మాట మన భాషలోనికి రాకముందే బ్రేకు వేయవలసిన అవసరము మనకుండెను.

అదే కొండలలోనికి 1880ల దశకమున రైలు వచ్చెను. సదరన్ మరాఠా రైల్వేవారు మీటరు గేజి దారి వేయుచు, దొరబావి యొద్ద లోతైన లోయపై 1884–87 సంవత్సరముల నడుమ ఇనుప వంతెన కట్టిరి. 1990ల దశకమున ఈ దారి బ్రాడ్ గేజిగా మారినపుడు రైలు ఆ వంతెనను విడిచి క్రొత్త మార్గము పట్టినది. మీటరు గేజి కాలమున ఆ బండ్లను కనుమలో నిలువరించినది వాక్యూము బ్రేకు. బండి పొడవునను ఉన్న గొట్టములోని గాలిని లాగివేసి యుంచినంతసేపు బ్రేకు విడిచియుండును. గాలి చొరబడగనే బిగియును. ఇంజనులోను పెట్టెలలోను ఉన్న ఇనుమంతటిని చూచి ఆశ్చర్యపడువారు, పెట్టె క్రింది సిలిండరులో పిస్టను చుట్టు దొర్లుచుండు రబ్బరు కట్టు నొకదానిని చూడరు. గాలి ప్రక్కనుండి జారిపోకుండ ఆపునది అదియే. అది చెడినచో ఆ సిలిండరులో ఇనుము ఎంత యున్నను బ్రేకు లేనట్లే.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ రబ్బరు కట్టు కథ. దాని పూర్వులు తోలువి. దాని వారసులు నేడు కొండలలో త్రొక్కు సైకిళ్ల నూనె బ్రేకులలో చిటికెనవ్రేలి గోరంత మందమున కూర్చుండి యున్నవి. నంద్యాల, ఆళ్లగడ్డ వీధులలో గూడ డిస్కు బ్రేకు సైకిళ్లు నేడు కనబడుచున్నవి. వానిలో తీగతో లాగునవి కొన్ని, నూనెతో నొక్కునవి కొన్ని. తీగ బ్రేకు చెడినచో ఎవరైనను బిగించుకొందురు. నూనె బ్రేకు చెడినచో చాలమంది చేతులెత్తివేయుదురు. చేతులెత్తివేయవలసినంత క్రొత్తది అందులో ఏమియు లేదని చరిత్ర చెప్పుచున్నది.

ఫ్రెంచి పండితుడు పాస్కల్ 1662లో చనిపోయెను. ద్రవముల సమతూకమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము మరుసటి సంవత్సరము అచ్చయినది. మూసియున్న పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి తగ్గక అన్ని వైపులకు సమానముగా ప్రాకునని అందలి సారాంశము. సన్నని గొట్టములో ఒక మనిషి నొక్కిన నొక్కుడు, లావైన గొట్టములో నూరుగురి బలమునకు సమానము కాగలదని ఆయన లెక్క కట్టెను. లెక్క సరియైనదే. అయినను ఆ లెక్కను ఇనుములో పోతపోసి పని చేయించుటకు నూట ముప్పది యేండ్లు పట్టినది. ఎందువలన? పిస్టనుకును సిలిండరుకును నడుమ సందుండవలెను, లేనిచో పిస్టను కదలదు. సందున్నచో నీరు కారును. ఒత్తిడి పెరిగినకొలది కారుట పెరుగును. గుడ్డపేలికలు కూరి మూతబిగించినచో కారుట ఆగును గాని పిస్టను కదలదు. ఈ చిక్కు తీరనంతవరకు పాస్కల్ లెక్క పుస్తకములోనే యుండెను.

1795లో జోసెఫ్ బ్రామా యను ఆంగ్లేయుడు నీటి ప్రెస్సునకు పేటెంటు పొందెను. ఆయన తాళములు చేయుటలో ప్రసిద్ధుడు. ఆయన కర్మాగారమున హెన్రీ మాడ్‌స్లే అను యువకుడు పని చేయుచుండెను. కారుటను ఆపిన ఖ్యాతి ఈ మాడ్‌స్లేదని చాలమంది చరిత్రకారులు చెప్పుదురు. ఉపాయము చూచుటకు అత్యల్పము. తోలును గిన్నెవలె వంచి, దాని నోరు నీటి వైపునకు ఉండునట్లు అమర్చుట. నీరు నొక్కినపుడు గిన్నె అంచు విచ్చుకొని గోడకు అతుక్కొనును. ఎంత ఎక్కువ నొక్కిన అంత గట్టిగా అతుక్కొనును. నొక్కుట మానినచో తానే సడలి పిస్టనును పోనిచ్చును. శత్రువు బలమునే తన బలముగా చేసికొనినది ఈ తోలు గిన్నె. వారమునకు ముప్పది షిల్లింగుల జీతముపై పనిచేసిన మాడ్‌స్లే జీతము పెంచుమని అడిగి, కాదనిపించుకొని, 1797లో బ్రామాను విడిచి సొంత దుకాణము పెట్టుకొనెను. తరువాతి కాలమున ఇంగ్లాండులోని మేటి యంత్రకారులనేకులు ఆ దుకాణముననే పని నేర్చిరి. బ్రామాకు ఆ జీతపు పెంపు మిగిలినది, మనిషి పోయినాడు.

ఈ తోలు గిన్నె మన యిండ్లకు ఎప్పుడో వచ్చియున్నది. మనము దానిని గుర్తుపట్టలేదు. సైకిలు పంపు కడ్డీ చివర నుండు తోలు వాషరు అదే. పైకి లాగునపుడు సడలి గాలిని ముందునకు పోనిచ్చును, క్రిందికి నొక్కునపుడు విచ్చుకొని పట్టును. కిరసనాయిలు పంపు స్టవ్వులోను అదే. వీధి బోరింగు లోపల గొట్టములో నీటిని ఎత్తు తోలు వాషరు గూడ ఆ కుటుంబములోనిదే. బోరింగు ఎంత కొట్టినను నీరు రానపుడు ఊరి మెకానిక్కు మొట్టమొదట చూచునది వాషరునే. సైకిలు పంపు గాలి పట్టనపుడు తోలు ఎండిపోయినదని ఎరిగి, దానిని విప్పి, రెండు బొట్లు నూనె రాచి, వ్రేళ్లతో అంచును విప్పదీసి మరల బిగించుట పిల్లలకు గూడ తెలిసిన విద్య. పంపు పారవేసి క్రొత్తది కొనవలెనని ఎవరికిని తోచలేదు.

నంద్యాల ప్రాంతమునకు ఈ యంత్రముతో మరియొక చుట్టరికము కలదు. అది పత్తి వలన. ఇక్కడి రేగడి చేలలో పండిన పత్తిని వ్యాపారులు ‘నార్దరన్స్’ అను పేర పిలుచుచుండిరి. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రము ఏర్పడినది. తరువాతి కాలమున అక్కడనుండి వెలువడిన పత్తి రకములలో ఒకదానికి నరసింహ యని పేరు. పత్తి పండిన చోట గింజ తీయు మిల్లులును, బేళ్లు కట్టు ప్రెస్సులును వెలయుట సహజము. దూది బరువు తక్కువ, పరిమాణము ఎక్కువ. వదులుగా నున్న దూదిని పెట్టెలలో నింపి పంపినచో రైలుకు పని ఎక్కువ, వ్యాపారికి లాభము తక్కువ. కనుక దానిని అణచి కట్టవలెను. నేడు మన దేశమున ఒక పత్తి బేలు 170 కిలోలు. అంత దూదిని ఒక మనిషి చేతులు చాచి కౌగిలింపదగినంత మూటగా అణచగలిగినది బ్రామా యంత్రమే. ప్రపంచమున పత్తి పట్టణములలో బేలు కట్టు నీటి ప్రెస్సు ఏది చూచినను దాని గుండెలో ఆ తోలు గిన్నెయే యుండెను. దూదిని అణచిన సూత్రమే తరువాత చక్రమును అణచినది.

ఇక చక్రము సంగతి. నేటి ఆకృతి గల సైకిలును 1885లో ఇంగ్లాండులో స్టార్లీ తయారుచేసెను. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చెను. అంతకుముందటి ఎత్తు చక్రపు సైకిళ్లకు చెంచావంటి లోహపు రేకును టైరుమీద నొక్కు బ్రేకు ఉండెను. గాలి టైరు వచ్చిన పిమ్మట ఆ రేకు టైరును తినివేయసాగినది. కనుక నొక్కుడు టైరునుండి రిమ్మునకు మారినది. మన దేశమున ఎక్కువగా వాడుకలోనికి వచ్చినది కడ్డీ బ్రేకు. పిడి నొక్కగనే కడ్డీలు లాగబడి, రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి వైపున ఒరయును. అది మొద్దు బ్రేకు. వానలో సరిగా పట్టదు. అయినను ఎవరైనను బాగుచేయవచ్చును. 1949లో మదరాసు సమీపమున అంబత్తూరులో టీ.ఐ. సైకిల్సు వారి కర్మాగారము మొదలైన తరువాత సైకిలు మన పల్లెలకు మరింత అందుబాటులోనికి వచ్చెను. ఆ దినములలో సైకిలుకు పన్ను కట్టి బిళ్ల తగిలించుకొనవలెను, రాత్రి దీపము లేనిచో పోలీసు ఆపును, రేడియోకు గూడ లైసెన్సు ఉండవలెను. ఈ రెండింటికి లైసెన్సు కట్టిన ఇంటివారు ఊరిలో కాస్త తల యెత్తుకొని తిరిగినారనుట అతిశయోక్తి కాదు. బ్రేకు పట్టునా లేదా యని మాత్రము ఎవ్వరును అంతగా అడుగలేదు. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దారి చాలవరకు చదును. చదునుదారిలో కాలి చెప్పే సగము బ్రేకు.

నూనె బ్రేకు పుట్టినది మోటారు కారు కొరకు. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ అను నతడు 1917లో దానికి పేటెంటు పొందెను. విమానముల కంపెనీవలన ఆ యింటిపేరు లోకమెరిగినది. ఆ కంపెనీని స్థాపించిన అలన్ ఈతని సోదరుడే. నాలుగు చక్రములకు కడ్డీలతో, తీగలతో బ్రేకు వేసినచో ఒక చక్రము ముందు, ఒక చక్రము వెనుక పట్టి కారు ప్రక్కకు లాగును. ద్రవమునకు ఆ పక్షపాతము లేదు. పాస్కల్ చెప్పినట్లు అన్ని వైపులకు సమానముగా నొక్కును. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు ఈ బ్రేకుతో వచ్చెను. 1924లో క్రైస్లరు వారు దానిని సామాన్యులు కొనగల కారునకు పెట్టదలచిరి. అప్పుడు మరల పాత చిక్కే ఎదురైనది. లాక్‌హీడ్ బ్రేకులో ఉన్నవి తోలు గిన్నెలు. పత్తి ప్రెస్సులో బొట్లు బొట్లుగా కారినను నష్టము లేదు, ఎవరో ఒకరు నీరు పోయుదురు. కారు బ్రేకులో కారినచో నష్టము ప్రాణమునకే. క్రైస్లరు ఇంజనీర్లు తోలును తీసివేసి రబ్బరు గిన్నెలు పెట్టిరి. తోలు వంశమున రబ్బరు తరము ఇక్కడ ప్రారంభమైనది.

రబ్బరు రాగానే నూనె ఏది యను ప్రశ్న పుట్టినది. చెట్టుపాల రబ్బరునకు భూమినుండి తీసిన నూనెలు గిట్టవు. పెట్రోలు, కిరసనాయిలు, యంత్రపు నూనె తగిలినచో అది ఉబ్బి మెత్తబడి చివరకు జిగురుగా మారును. రబ్బరును బాధించని నూనె కావలెను, చలికి గడ్డకట్టరాదు, తుప్పు పట్టింపరాదు. అప్పటివారికి దొరికినది ఆముదము. ఆముదమును ఆల్కహాలుతో కలిపి పలుచన చేసి బ్రేకులలో పోసిరి. మన తెలుగునాట బండి ఇరుసుకు కందెనగా ఆముదమును వాడుట పాత ఆచారము. ఇరుసు తిరుగుటకు వాడిన నూనెయే చక్రము ఆగుటకు గూడ పనికివచ్చినది. తరువాత ఆముదము స్థానమున గ్లైకాల్ జాతి ద్రవములు వచ్చినవి. నేడు డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అని డబ్బాలమీద కనబడునవి ఇవే.

మన రహదారులకు నూనె బ్రేకు జీపులతోను, కార్లతోను, లారీలతోను వచ్చినది. 1962లో మదరాసు శివారున పాడిలో బ్రేక్స్ ఇండియా సంస్థ ఏర్పడినది. విడిభాగములు దేశములోనే తయారగుట అప్పటినుండి బలపడినది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు పోవు దారి (ఒకప్పుడు 18వ నంబరు, 2010 తరువాత 40వ నంబరు జాతీయ రహదారి) ప్రక్కన వెలసిన మోటారు షెడ్లలో ఒక విద్య తరము నుండి తరమునకు అందినది. పెడలు మెత్తగా పోయినచో గాలి చేరినదని అర్థము. పెడలు గట్టిగా ఉండి మెల్లమెల్లగా దిగిపోవుచున్నచో రబ్బరు చెడినదని అర్థము. రబ్బర్లను పెట్రోలులో కడుగరాదు, బ్రేకు ఆయిలులోనే కడుగవలెను. ఒకడు పెడలు త్రొక్కి పట్టుకొన, ఒకడు చక్రము యొద్ద మర విప్పి గాలి తీయవలెను. ఈ నాలుగు మాటలు తెలిసిన మనిషికి కొండ సైకిలు బ్రేకులో తెలియవలసినది మరి కొంచెమే.

డిస్కు అను ఆలోచన గూడ పాతదే. 1902లో లాంచెస్టర్ అను ఆంగ్ల ఇంజనీరు చక్రముతో తిరుగు పళ్లెమును రెండు ప్రక్కల నుండి పట్టు బ్రేకునకు పేటెంటు పొందెను. లోహమునకు లోహము ఒరసి చెవులు చిల్లులు పడునట్లు అరచినది. అరగంట ఆలపించినను వినలేని సంగీతము. సరియైన ఒరపు పదార్థము దొరకు వరకు ఆ ఆలోచన మూలనుండెను. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెమున డన్లప్ డిస్కు బ్రేకుల జాగ్వారు గెలుచుటతో లోకము దానివైపు తిరిగినది. డ్రమ్ము బ్రేకు వేడిని లోపల దాచుకొని పట్టు కోల్పోవును. డిస్కు గాలిలో తిరుగుచు వేడిని పారవేయును. కొండ దిగువానికి కావలసినది ఇదే.

కొండ దిగుటయే వినోదముగా పెట్టుకొన్న యువకులు కొందరు 1976 అక్టోబరు 21న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, మరిన్ కౌంటీలో ఒక పందెము పెట్టుకొనిరి. పాత బరువు సైకిళ్లపై అడవిదారిని దిగుట వారి ఆట. ఆ సైకిళ్లకు వెనుక చక్రపు హబ్బులోపలి బ్రేకు, పెడలును వెనుకకు త్రొక్కినచో పట్టునది, ఉండెను. అడుగు చేరుసరికి హబ్బులోని గ్రీజు పొగయై పోయెడిది. ప్రతిసారి మరల గ్రీజు నింపవలసి వచ్చెడిది. మరల నింపుట యను అర్థము గల ‘రీప్యాక్’ అను పేరే ఆ పందెమునకు స్థిరపడినది. నంది కనుమలో పొగ చిమ్మిన కొయ్యకును ఆ గ్రీజునకును కష్టము ఒక్కటే. జో బ్రీజ్, గారీ ఫిషర్, చార్లీ కెల్లీ మొదలైన ఆ బృందమువారి సైకిళ్లనుండి నేటి మౌంటెన్ బైకు పుట్టినది. 1987లో జర్మనీలోని మగురా వారు రిమ్మును పట్టు నూనె బ్రేకును సైకిలుకు తెచ్చిరి. 1990ల ఉత్తరార్ధమున నూనెయు డిస్కును ఒక్కచోట చేరినవి.

దాని లెక్కను చిన్న ఉదాహరణముతో చెప్పుదుము. పిడిలోని పిస్టను అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు, చక్రము యొద్ద కాలిపరులోని రెండు పిస్టన్లు ఒక్కొక్కటి 22 మిల్లీమీటర్లు అనుకొందము. వైశాల్యములో పెద్దది చిన్నదానికి దాదాపు 4.8 రెట్లు. ఒక వ్రేలితో 5 కిలోల బరువున పిడి లాగినచో, పిడి తానే మీటవలె అయిదు రెట్లు చేసి 25 కిలోలుగా చిన్న పిస్టనును నొక్కును. అది కాలిపరులో ఒక్కొక్క పిస్టను యొద్ద 120 కిలోలగును. బదులుగా ఇచ్చునది కదలిక. పిడిలోని పిస్టను 5 మిల్లీమీటర్లు పోయినచో కాలిపరులోనివి అర మిల్లీమీటరు మాత్రమే కదలును. ఈ అర మిల్లీమీటరులోనే అంతయు జరుగవలెను. నూనెలో ఒక గాలి బుడగ యున్నచో మన నొక్కుడంతయు ఆ బుడగను అణచుటకే సరిపోవును. ప్యాడ్లు డిస్కును చేరవు. పిడి వచ్చి హ్యాండిలును తాకును. చదునుదారిలో అది చికాకు. ఎగువ అహోబిలము నుండి దిగువకు వచ్చు వాలులో అది వేరు సంగతి.

కాలిపరులోని రబ్బరు ఇప్పుడు గిన్నె కాదు. నలుపలకల కోత గల కట్టు. రెండు పనులు చేయును. నూనెను ఆపును. పిస్టను ముందునకు పోవునపుడు దానిని విడువక పట్టుకొని తాను కొంచెము మెలిపడును. ఒత్తిడి తీయగనే మెలి విడిచి పిస్టనును వెంట్రుకవాసి వెనుకకు లాగును. డిస్కుకు ప్యాడ్లకు నడుమ సందు ఏర్పడుట అందువలననే. అక్కడ స్ప్రింగు చేయు పని చాల తక్కువ. ప్యాడ్లు అరిగినచో పిస్టను కట్టులోనుండి ముందునకు జారి క్రొత్త చోట నిలుచును. అరుగుదలకు సర్దుబాటు తనంతట తానే జరుగును. మాడ్‌స్లే తోలు గిన్నెకు తెలియని విద్య యిది. కట్టు గట్టిపడినను, దుమ్ము చేరి పిస్టను అంటుకొనినను, ఒక ప్రక్క ప్యాడు డిస్కును వదలక ఒరయుచుండును. కట్టు చిరిగినచో నూనె చెమర్చి ప్యాడులోనికి ఇంకును.

ఇక్కడనే మన వీధులలో పొరపాటు జరుగుచున్నది. సైకిలు నూనె బ్రేకులు రెండు కులములు. షిమానో, మగురా వంటి కంపెనీలవి ఖనిజ తైలముతో నడచును. హేయిస్, హోప్ వంటివారివి చాలవరకు డాట్ ద్రవముతో నడచును. కొందరు తయారీదారులు రెండు జాతులును చేయుదురు. డాట్ ద్రవమునకు తగిన రబ్బరు ఈ.పీ.డీ.ఎం.; ఖనిజ తైలమునకు తగినది నైట్రైలు. ఒకదాని నూనె మరియొకదానిలో పోసినచో రబ్బరు ఉబ్బి పిస్టను బిగియును, లేదా మెత్తబడి కారును. పోసిన దినమున ఏమియు తెలియదు. బ్రేకు చక్కగనే పట్టును. కొన్ని దినములకు, తరచు కొండమీదనే, తెలియును. మోటారు షెడ్డులో దొరకునది డాట్ ద్రవము గనుక, ‘బ్రేకు ఆయిలు బ్రేకు ఆయిలే గదా’ యని షిమానో బ్రేకులో పోసినవారు బ్రేకును చేజేతుల చంపినట్లే. కనుక మూతపైని అక్షరములు చదువకుండ డబ్బా విప్పరాదు.

డాట్ ద్రవమునకు వేరొక గుణము గూడ ఉన్నది. అది గాలిలోని తేమను పీల్చును. డాట్ 4 ద్రవము క్రొత్తగా నున్నపుడు కనీసము 230 డిగ్రీల సెల్సియసు వరకు మరుగరాదని ప్రమాణము. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 155 మాత్రమే. మరిగినచో ఆవిరి, ఆవిరి యనగా మరల బుడగ. అందుచే దానిని ఏడాదికో రెండేండ్లకో మార్చవలెను. ఖనిజ తైలము నీటిని పీల్చదు. కాని చేరిన నీరు కలియక అడుగునకు, అనగా వేడెక్కు కాలిపరు వైపునకే, దిగును. నీరు నూరు డిగ్రీలకే మరుగును. డాట్ ద్రవము పెయింటును తినును, చర్మమును మండించును. నీటితో వెంటనే కడుగవలెను.

మన అలవాటు నొకదానిని గూడ చెప్పక తప్పదు. పంక్చరు వేయుటకు సైకిలును తలక్రిందులు చేయుట మన దేశమంతట ఉన్న పద్ధతి. పిడి యొద్ద నున్న నూనె అరలో పైభాగమున కొంచెము గాలి ఉండిపోయినచో, తలక్రిందులైనపుడు అది గొట్టములోనికి ప్రాకును. నిలువబెట్టి పిడి లాగినచో బ్రేకు మెత్తన. అప్పుడు పంక్చరు వేసినవానిని తిట్టుట గూడ చూచియున్నాము. సైకిలును నిలువుగా ఆనించి, పిడిని మెల్లగా పలుమార్లు లాగి విడిచినచో చాలవరకు ఆ గాలి తన చోటికి తాను పోవును. చక్రము విప్పియున్నపుడు పిడి లాగుట మరియొక తప్పు: నడుమ డిస్కు లేనందున ప్యాడ్లు రెండును కలిసికొని విడిపోవు. మడచిన అట్టముక్క నొకదానిని నడుమ పెట్టినచో ఆ బాధ లేదు.

కట్టు మార్చు పని యెట్లుండునో చూతము. చక్రమును, ప్యాడ్లను తీసివేసి, కాలిపరు వెలుపలి మట్టిని ముందుగా తుడువవలెను; లోపల విప్పిన తరువాత తుడిచిన మట్టి లోపలికే పోవును. గొట్టము విప్పకముందే పిడిని లాగుచు పిస్టన్లను వెలికి రప్పించుట తెలివి. ఒకటి ముందు వచ్చి ఒకటి రానిచో వచ్చినదానిని బొటనవ్రేలితో ఆపి రెండవదానిని రప్పింపవలెను. పూర్తిగా రానిచో గొట్టము విప్పి, కాలిపరును మందపు గుడ్డలో చుట్టి, నూనె రంధ్రమున సైకిలు పంపుతో గాలి ఊదవచ్చును. పిస్టను తూటావలె వచ్చును గనుక వ్రేళ్లు అడ్డముండరాదు. స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు. కొన్ని కంపెనీల పిస్టన్లు పింగాణి జాతివి. పెచ్చు ఊడినచో ఇక పనికిరావు.

పాత కట్టును గాడినుండి తీయుటకు ఇనుప మేకు వద్దు. సన్నగా చెక్కిన వెదురు పుల్ల మేలు. గాడిలో గీత పడినచో క్రొత్త కట్టు గూడ కారును. మందుల దుకాణమున దొరకు స్పిరిటుతో గాడిని, పిస్టనును తుడిచి ఆరనీయవలెను. పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు దగ్గరకు రారాదు. క్రొత్త కట్టునకు ఆ బ్రేకులో పోయబోవు నూనెనే రాచి, మెలిపడకుండ గాడిలో కూర్చుండబెట్టి, పిస్టనును నిటారుగా పెట్టి బొటనవ్రేళ్లతో సమముగా నొక్కవలెను. వంకరగా పోయినదని తోచినచో సుత్తి కొరకు చూడక వెనుకకు తీసి మరల మొదలుపెట్టవలెను. ఈ పనికంతకు ఓపిక తప్ప మరొక ఉపకరణము పెద్దగా అక్కరలేదు.

పిమ్మట గాలి తీయుట. గాలి స్వభావము పైకి పోవుట. దానికి ఎదురు పోరాడక త్రోవ చూపవలెను. పిస్టన్ల నడుమ అడ్డు పెట్టి, కాలిపరు క్రిందికి, పిడి అందరికంటె పైన ఉండునట్లు సైకిలును నిలిపి, పిడి యొద్ద మర విప్పి గరాటు వంటి గిన్నెను బిగింతురు. క్రింద కాలిపరు నోటినుండి సిరంజితో నూనెను మెల్లగా ఎక్కింతురు. గొట్టమును అచ్చటచ్చట వ్రేలితో తట్టినచో గోడకంటిన బుడగలు కదలి గిన్నెలో తేలును. బుడగలు ఆగువరకు ఎక్కించి, క్రింది మర బిగించి, పిడి లాగి చూడవలెను. లారీకి ఇద్దరు కావలసిన పని సైకిలుకు ఒక్కడు చేయవచ్చును. సూత్రము మాత్రము మారలేదు.

విడిభాగముల మాట చెప్పవలసియున్నది. కాలిపరు కట్లను విడిగా అమ్ముట అన్ని కంపెనీల పద్ధతి కాదు. ఇంగ్లాండులోని హోప్ వారు తమ బ్రేకులకు కట్లు విడిగా అమ్ముదురు. షిమానో వారు కాలిపరును మొత్తముగా మార్చుకొను పద్ధతి పెట్టుకొనిరి. వారికి వారి కారణములుండును. బ్రేకు విషయమున తెలియని చేతులు పడరాదని తయారీదారు కోరుట న్యాయమే. కాని రూపాయి ఖరీదు గల తోలు ముక్క మార్చి బోరింగును, పంపును, స్టవ్వును నడుపుకొన్న ఊళ్లలో, అంగుళము పొడవు లేని రబ్బరు కట్టు కొరకు కాలిపరంతయు పారవేయుట మాకు రుచింపదు. కొనబోవువారు దుకాణములో రంగును, గేర్లను అడిగినట్లే ‘దీని కట్లు విడిగా దొరకునా, ఇందులో ఏ నూనె’ యని అడుగుట మంచిది.

కట్టిన బ్రేకును వెంటనే నమ్మరాదు. పిడిని గట్టిగా లాగి ఒక నిమిషము పట్టియుంచవలెను, పిడి దిగిపోరాదు. కాలిపరు క్రింద తెల్ల కాగితము పరచి రాత్రంతయు ఉంచి ఉదయము మరకకై చూడవలెను. నూనె త్రాగిన పాత ప్యాడ్లను కాల్చి, రుద్ది మరల వాడుట కంటె మార్చుటయే క్షేమము. క్రొత్త ప్యాడ్లు మొదట సరిగా పట్టవు. చదునుదారిలో ఓ మోస్తరు వేగమునుండి నడక వేగమునకు ఇరువది పర్యాయములు బ్రేకు వేసినచో ఒరపు పొర డిస్కునకు అంటును. ఈ పనికి నంద్యాల ఆళ్లగడ్డల నడుమ రహదారి కంటె ప్రక్కనున్న పల్లెదారులు మేలు. అక్కడ లారీలు తక్కువ, నేల చదును.